ఫెలిషియా తెర మీద నా నేత

ఫెలిషియా లాప్‌టాప్ తెర మీద నా నేత కనిపించినప్పుడు నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచి నా మొహం ఊరికే నవ్వుతూ ఉంటుంది, అందులో నా ప్రమేయం ఏమీ లేదు. ఆ రోజు పొద్దున మా ఆయన బ్రెడ్డు కాల్చి, దాని మీద వెన్నతో వంకరటింకర హృదయం ఒకటి గీసి పెట్టాడు. ‘మా ఆయన’ అనడం నాకింకా కొత్త. రోజూ అవసరానికి మించి అంటూ ఉంటాను. ఆ వెన్న సంగతి వెనక వరసలో ఎవరికో చెబుదామని తల తిప్పాను. అప్పుడు చూశాను.

రంగులు వేరు. నావి నీలం, పసుపు. ఆమెవి ఎరుపు, ఆకుపచ్చ, నలుపు. కానీ రంగుల కింద ఉన్నది నా నేతే. నా నేతలో మూడో పట్టీ దగ్గర మెట్ల వరస ఉన్నట్టుండి తడబడుతుంది. ఒక మెట్టు తప్పి, వెంటనే సర్దుకుని, ఏమీ జరగనట్టు పైకి పోతుంది. ఆ తడబాటంటే నాకు ప్రాణం. ఆమె తెర మీద కూడా అదే పట్టీ, అదే చోట తడబడింది.

మాకు పాఠం చెప్పే డాక్టర్ అంపోఫో మా ఇద్దరి వెనకా నిలబడి ఉన్నాడని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు.

"డోర్కస్, నీ లాప్‌టాప్ ఇటు పట్టుకురామ్మా."

రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. మొత్తం ల్యాబ్ లేచి వచ్చి ఆయన భుజాల మీదుగా తొంగి చూసింది.

"రంగులు మార్చడం," అన్నాడు ఆయన, "మన డిపార్ట్‌మెంటులో దొంగ నేర్చుకునే మొదటి పాఠం. నేను చేరినప్పటి నుంచీ చూస్తున్నాను."

"సార్, నేనెవరిదీ చూళ్ళేదు," అంది ఫెలిషియా.

"నేనూ చూళ్ళేదు సార్," అన్నాను.

"అయితే రాత్రి ఈ రెండు కంప్యూటర్లూ కూర్చుని కబుర్లు చెప్పుకున్నాయంటారు." ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. "శుక్రవారం అక్రా నుంచి పరీక్షకుడొస్తాడు. గురువారం మధ్యాహ్నం లోపల నా గదికొచ్చి ఎవరు ఎవరిది తీశారో చెప్పండి. చెప్పకపోతే రెండూ ప్రదర్శన గోడ ఎక్కవు. గోడ మీద బొమ్మ లేనివాళ్ళకి ఈ ఏడు డిగ్రీ లేదు. తెలుసుగా?"

తెలుసు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా ఎవరి కుర్చీల్లోకి వాళ్ళం వెళ్ళిపోయాం.

ఇక్కడ మా మగ్గం గురించి కొంచెం చెప్పాలి. కిందటి ఏడు నలుగురం కలిసి ఒక ప్రోగ్రామ్ రాశాం. ఫెలిషియా, నేను అందులో ఉన్నాం. మా కెంటే బట్టను సన్నని పట్టీలుగా నేసి పక్కపక్కన కుట్టినట్టే, ఆ ప్రోగ్రామ్ కూడా తెర మీద పట్టీ తరవాత పట్టీ నేస్తుంది. దానికి మగ్గం అని పేరు పెట్టుకున్నాం. ఏ పట్టీలో ఏ గడి రావాలో, ఎక్కడ ఖాళీ వదలాలో యంత్రమే చీట్లు తీసినట్టు తీస్తుంది. కానీ చీట్లు తీయడం మొదలుపెట్టాలంటే దానికి ఒక విత్తనం వేయాలి. విత్తనమంటే ఒక మాట. ఒకే మాట వేస్తే ఎన్నిసార్లయినా అదే నేత మొలుస్తుంది. ఒక్క అక్షరం మారితే పంటంతా మారిపోతుంది. ఈ ఏడు అందరం అదే మగ్గం వాడుకోవచ్చని డాక్టర్ అంపోఫో ఒప్పుకున్నాడు. మాట, రంగులు మాత్రం ఎవరివి వాళ్ళే ఎంచుకోవాలి. ఏది మొలిస్తే దాన్ని దిద్దకుండా ఉంచుకోవాలి.

నా మాట ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. అది ఆయన పేరే. షాపు బోర్డు మీద ఉన్న సిల్వెస్టర్ కాదు, వాళ్ళమ్మ పిలిచే క్వాబెనా. పెళ్ళి మాటలకు వెళ్ళిన రోజు వాళ్ళమ్మ లోపల్నుంచి "క్వాబెనా, అమ్మాయికి నీళ్ళివ్వు" అని కేకేసింది. ఆ పేరు నా చెవిలో పడగానే, ఇక నీళ్ళు అక్కర్లేదనిపించింది. ప్రదర్శన రోజు నేత పక్కన ఆ పేరు చూసి ఆయన నోరు తెరవాలి, అదీ నా ఆశ.

ఇప్పుడు ఆ రహస్యం ఎవరో ఎత్తుకుపోయారు. నా లాప్‌టాప్ ఎవరి చేతికీ ఇవ్వను. నా ప్రోగ్రామ్ నా చెయ్యి దాటి వెళ్ళింది ఒక్కసారే. కిందటి వారం బట్ట మీద ఎలా వస్తుందో చూద్దామని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. ఎవరికి? మా ఆయనకు.

యూనివర్సిటీ గేటు పక్కన ఆయనకు ప్రింటింగ్ షాపు ఉంది. చావు పోస్టర్లు, చర్చి బ్యానర్లు, మా వాళ్ళ ప్రాజెక్టు పుస్తకాలు అన్నీ అక్కడే. సాయంత్రం నేను ఇంటికి వెళ్ళేసరికి ఆయన పొయ్యి ముందు నిలబడి కెలెవెలె వేయిస్తున్నాడు. పండిన కూర అరటి ముక్కలకు అల్లం, మిరప నూరి పట్టించి నూనెలో వేస్తే వచ్చే ఆ వాసనకు మామూలుగా నేను వెనక నుంచి వెళ్ళి వాటేసుకుంటాను. ఆ రోజు గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"ఏమయ్యా, మా క్లాసులో ఫెలిషియా అని ఒకమ్మాయి ఉంది. నీ షాపుకొస్తుందా?"

గరిటె ఆగింది. ఆగడం నేను చూశాను.

"మీ క్లాసంతా నా దగ్గరికే వస్తుంది. గేటు దగ్గర ఇంకో షాపుందా?"

"ఫెలిషియా వస్తుందా అని అడిగా."

"వచ్చింది. కిందటి వారం."

"ఏం ప్రింటు చేయించుకుంది?"

"మేడమ్ గారూ, కస్టమర్ తెచ్చింది కస్టమర్‌దే. డాక్టరు దగ్గర రోగం సంగతి లాంటిది."

"నువ్వు డాక్టరువా?"

"డాక్టరు కన్నా గొప్పోణ్ణి. ఎవరు పోయారో డాక్టరు చెబితే ఊరు నమ్మదు, నా పోస్టరు చూస్తే నమ్ముతుంది."

నాకు నవ్వొచ్చింది. వచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

"నా పెన్‌డ్రైవ్ ఏది?"

"సొరుగులో ఉంది."

"ఎవరికైనా ఇచ్చావా?"

ఆయన పొయ్యి కట్టేసి నా వైపు తిరిగాడు. "ఏమైంది, డోర్కస్?"

నా మాట ఏమిటో తప్ప మిగతాదంతా చెప్పాను. ఆయన అంతా విని, చేతులు తుడుచుకుని, "నేనివ్వలేదు" అన్నాడు.

"అయితే ఆ పిల్ల ఏం ప్రింటు చేయించిందో చెప్పు."

"చెప్పలేను."

చెప్పను అనలేదు. చెప్పలేను అన్నాడు. తింటున్నంతసేపూ ఆ మాటనే నములుతూ కూర్చున్నాను. పైగా కెలెవెలె అద్భుతంగా కుదిరింది. తప్పు చేసిన మనిషి వంట ఇంత బాగా కుదురుతుందా, లేక తప్పు చేశాడు కాబట్టే ఇంత శ్రద్ధగా వండాడా? వెన్న హృదయం కూడా గుర్తొచ్చింది. అంతకు ముందు ఎప్పుడూ గీయలేదే! ఈ రోజే ఎందుకు గీశాడు?

బుధవారం ల్యాబ్‌లో ఉండగా కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగగానే అందరూ గాలి కోసం బయటికి పోయారు. నేను గుమ్మం బయట చెప్పులు వెతుక్కుంటూ వెనకబడ్డాను. వరండా చివర ఫెలిషియా గోడ వైపు తిరిగి ఫోన్లో మాట్లాడుతోంది. గొంతు ఎంత మెత్తగా ఉందంటే, ల్యాబ్‌లో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"క్వాబెనా, తిన్నావా? ... అబద్ధం. నాకు తెలుసు, తిన్లేదు ... శనివారం వస్తాగా ... ఆవిడకి మాత్రం చెప్పకు. మనిద్దరి మధ్యే, సరేనా?"

నా చెప్పు ఒకటే దొరికింది. రెండోదాని కోసం వెతకడం మానేశాను.

శనివారం. శనివారాలు మా ఆయన ఇంట్లో ఉండడు. ఊళ్ళో చావు కార్యాలన్నీ శనివారమే కాబట్టి, బ్యానర్లు ఇచ్చి రావాలంటూ పొద్దున్నే పోయి చీకటి పడ్డాక వస్తాడు. పెళ్ళయిన మొదటి శనివారం నేను దాని గురించి బుంగమూతి పెడితే, "చనిపోయినవాళ్ళు ఆగరు" అన్నాడు. అప్పుడు పడీపడీ నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వంతా వెనక్కి తీసేసుకోవాలనిపించింది. ఆవిడకి చెప్పకు, అట. ఆవిడ ఎవరు? నేనే.

ఖాళీ ల్యాబ్‌లోకి తిరిగి వెళ్ళాను. ఫెలిషియా లాప్‌టాప్ తెరిచే ఉంది, బ్యాటరీ మీద నడుస్తోంది. చేయకూడని పనే. చేశాను. ప్రోగ్రామ్ పైకి జరిపి విత్తనం వేసే చోటు చూశాను. అక్కడ ఒక్క మాట ఉంది. క్వాబెనా. అక్షరం పొల్లుపోకుండా.

నా ప్రోగ్రామ్ దొంగిలించి ఉంటే ఎంత బాగుండును అనిపించింది. అంతకన్నా పెద్దదే పోయిందని అప్పుడు నమ్మాను.

ఫెలిషియా అప్పటికి మెట్లు దిగి, వాచే అనే అన్నం అమ్మే ఆంటీ గొడుగు కింద బల్ల మీద కూర్చుంది. ఆకులో అన్నం, చిక్కుళ్ళు కలిపి తింటోంది. నేను ఒంటి చెప్పుతోనే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"నా మొగుడి పేరుతో నీకేం పని?"

నోటి దాకా వచ్చిన చెంచా ఆగింది. "ఎవరి మొగుడు?"

"నాటకాలాడకు. క్వాబెనా."

"మీ ఆయన సిల్వెస్టర్ కదా? షాపు మీద ఇంతేసి అక్షరాలతో రాసుంది."

"బోర్డు మీద సిల్వెస్టర్. ఇంట్లో క్వాబెనా. నీకు తెలీనట్టు! తిన్నావా అని ఫోన్ చేసి అడుగుతావా? నేను పస్తు పెడుతున్నానని చెప్పాడా నీతో?"

"ఏయ్, అమ్మాయిలూ!" అంది ఆంటీ, గరిటె ఊపుతూ. "కొట్టుకుంటే అవతలికి పోయి కొట్టుకోండి. షిటో కారం ఒలికిందంటే మీ బట్టల మీద మరక చచ్చినా పోదు. తరవాత నన్నంటారు."

ఫెలిషియా నా మొహం వైపు, నా కాలి వైపు, మళ్ళీ నా మొహం వైపు చూసింది. తరవాత ఆమె భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"నీకు మతి గానీ పోయిందా డోర్కస్? మంగళవారం పుట్టిన మగపిల్లాణ్ణి క్వాబెనా అనక ఏమంటారే? ఆంటీ, మీ ఇంట్లో క్వాబెనా ఎవరైనా ఉన్నారా?"

"ఎందుకు లేరూ? మా తమ్ముడొకడు, మా చిన్నల్లుడొకడు," అంది ఆంటీ. "ఇద్దరూ ఎందుకూ పనికిరారు. కావాలా నీకు?"

నేను బల్ల మీద కూలబడ్డాను. నాకు తెలియని సంగతా ఇది? నేను సోమవారం పుట్టాను, ఇంట్లో అందరూ నన్ను అడ్వోవా అంటారు. మా వీధిలోనే ఇంకో ముగ్గురు అడ్వోవాలున్నారు. వారానికి రోజులు ఏడు, కాబట్టి మా మగవాళ్ళందరికీ కలిపి పుట్టిన రోజు పేర్లు ఏడే. ట్రోట్రో బస్సులో "క్వాబెనా" అని గట్టిగా పిలిస్తే ఇద్దరైనా తల తిప్పుతారు. అన్నీ తెలుసు. కానీ కొత్తగా పెళ్ళయినదానికి దేశం మొత్తంలో క్వాబెనా ఒక్కడే ఉంటాడు. నేను ఎవరికీ దొరకని విత్తనం అనుకుని, సందుకొకటి దొరికే విత్తనం వేశాను. డాక్టర్ అంపోఫో మగ్గానికి మాట ఎంచుకోమంటే, ప్రేమలో ఉన్న ఏ పిల్లయినా చేసే పొరపాటే చేశాను.

నేను అక్కడే ఆగాల్సింది. కానీ అనుమానం అంత తొందరగా దిగదు.

"అయితే నీ క్వాబెనా ఎవరు?"

ఫెలిషియా నవ్వు ఆగిపోయింది. ఆంటీ వైపు ఓరగా చూసి, ఆకు మడిచి, నా చెయ్యి పట్టుకుని చెట్ల వైపు నడిపించింది. తన ఫోను తొడుగు ఊడదీసింది. లోపల చిన్న ఫోటో ఉంది, కొత్తగా ప్రింటు చేయించింది. చెవులు పెద్దగా ఉన్న పిల్లాడు, కాలికి పెద్దవాళ్ళ బూటు ఒకటి వేసుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఊరికి పెద్దలా నిలబడ్డాడు.

"వీడు," అంది. "టెచిమాన్‌లో మా అమ్మ దగ్గరుంటాడు. మా అమ్మకి తెలీకుండా శనివారం టాఫీలు తెస్తానన్నా. అదే చెప్పొద్దన్నాను వాడికి."

"నీకు... పిల్లాడా?"

"గట్టిగా అరవకు తల్లీ. ఇక్కడ ఎవరికీ తెలీదు. మీ ఆయనకి తెలుసు, ఫోటో ఆయనే వేశాడు కాబట్టి. ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నా. నీక్కూడా చెప్పలేదా?"

"చెప్పలేనన్నాడు," అన్నాను. ముందు రోజు నన్ను అంత నలిపేసిన మాట ఇప్పుడు నా నోట్లో ఎంత తియ్యగా ఉందో! పరుగెత్తుకెళ్ళి షాపులో అందరి ముందూ ఆయన్ని వాటేసుకోవాలనిపించింది. కానీ ఫెలిషియా మొహం చూసి ఆగాను.

"రేపు సార్‌కి ఏం చెబుదామే?" అంది. "ఎవరి పేరని అడుగుతాడు. ఆయనా మా చర్చే. నేను అక్కడ పాటల బృందంలో పాడతాను. మా మామయ్య ఇంట్లో ఉండి చదువుకుంటున్నా. నేను పెళ్ళికాని పిల్లననే ఆయన అందరికీ చెప్పాడు."

"నీ తమ్ముడి పేరని చెబుదాం. నేనే చెబుతా. నువ్వు నోరెత్తకు."

గురువారం ఇద్దరం ఆయన గదిలో నిలబడ్డాం.

"చెప్పండి. ఎవరు?"

"ఎవరూ కాదు సార్," అన్నాను. "ఇద్దరం ఒకే విత్తనం వేశాం."

"ఒకరికొకరు చెప్పుకోకుండా?"

"చెప్పుకోకుండానే సార్."

"నా చెవిలో పువ్వేమైనా కనిపిస్తోందా అమ్మా నీకు? భాషలో ఇన్ని లక్షల మాటలుంటే, ఇద్దరూ కళ్ళు మూసుకుని ఒకే మాట మీద వేలు పెట్టారా? ఏమిటా మాట?"

"క్వాబెనా."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "సరే. నీది అర్థమైంది, కొత్త పెళ్ళికూతురివి. ఫెలిషియా, నీకెవరమ్మా క్వాబెనా?"

"వాళ్ళ తమ్ముడు సా..."

"మా అబ్బాయి సార్," అంది ఫెలిషియా.

పైన ఫ్యాను కరకరలాడుతూ తిరుగుతోంది. నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

"వాడు తమ్ముడు కాదు సార్. నా కొడుకు. తమ్ముడని చెప్పి వాడి పేరు గోడ మీద పెట్టుకోలేను."

డాక్టర్ అంపోఫో కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించుకుని, తన కంప్యూటర్లో మా మగ్గం తెరిచి, ఆ మాట స్వయంగా టైపు చేశాడు. పట్టీలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. మూడో పట్టీలో మెట్లు ఎక్కుతూ ఎక్కుతూ తడబడి సర్దుకున్నాయి. ఆయన దాన్ని చెరిపేసి మళ్ళీ టైపు చేశాడు. మళ్ళీ అదే.

"ఓరి దేవుడా," అన్నాడు చివరికి. "మిగతా క్లాసులో ఇంకెంతమంది కోఫీలు, యావ్‌లు అని పుట్టిన రోజు పేర్లు వేసి కూర్చున్నారో!" తరవాత మా వైపు తిరిగాడు. "నమ్ముతున్నా. కానీ రెండూ ఒకే గోడ మీద పెడితే పరీక్షకుడు మిమ్మల్ని కాదు, నన్ను అనుమానిస్తాడు. ఒకరు మార్చండి. రేపు పొద్దున్నకల్లా." మేం తలుపు దాకా వెళ్ళాక, "ఫెలిషియా, ఈ మాట ఈ గది దాటదు" అన్నాడు.

దాటదని నమ్మాలో లేదో మా ఇద్దరికీ తెలియలేదు. ఆదివారం పాట మధ్యలో ఆయన మొహం చూస్తే తెలుస్తుందిలే అంది ఫెలిషియా.

"నేను మారుస్తా," అంది వరండాలోకి రాగానే. "నీకు ఇబ్బందెందుకు?"

సరే అందామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆ తడబడే మెట్టును వదులుకోవడం నాకు ఇష్టం లేదు. అది ఎలా మొలిచిందో చూసిన రోజు నేను ఒక్కదాన్నే గదిలో చప్పట్లు కొట్టాను. కానీ నా క్వాబెనా ఆ సాయంత్రమే నా ఎదురుగా కూర్చుని భోంచేస్తాడు. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు పిలవొచ్చు. ఆమె ఆ పేరును గోడ వైపు తిరిగి గుసగుసగా పిలుస్తుంది. వాడు తన కొడుకని గట్టిగా చెప్పింది ఇందాకే, మొదటిసారి.

"నువ్వుంచుకో," అన్నాను. "నాకింకో పేరుంది."

సాయంత్రం ఇంట్లో సిల్వెస్టర్ అని టైపు చేశాను. వచ్చిన నేత చూసి గుండె జారిపోయింది. రెండు పక్కలా పట్టీలు గడులతో కిక్కిరిసి ఉన్నాయి. నడిమి పట్టీలో మాత్రం యంత్రానికి వరసగా ఖాళీ చీట్లే వచ్చాయి. పైనుంచి కింద దాకా బోసిగా, ఉత్త నీలం. దిద్దకూడదు. మాట మార్చుకుని మళ్ళీ వేయొచ్చు, కానీ ఇంకే మాట మీదా నాకు మనసు పోలేదు.

మా ఆయన నా భుజం మీద గడ్డం ఆనించి చూశాడు. "ఇది నేనేనా?"

"నువ్వే."

"మధ్యలో ఏం లేదేంటే?"

"నన్నడుగుతావేం? నీ పేరే కదా, నువ్వే చెప్పు."

"నేనింకా పూర్తి కాలేదేమో," అన్నాడు. అంతలోనే అనుమానంగా, "దీనికి నిన్ను పరీక్ష తప్పిస్తారా?" అని అడిగాడు. ఏమో అన్నాను. తప్పించవచ్చు కూడా.

శుక్రవారం పొద్దున ప్రింటు ఆయనే వేశాడు. రెండూ గోడ మీదికెక్కాయి. ఫెలిషియా నేత కింద ‘విత్తనం: క్వాబెనా’ అని చిన్న అక్షరాల్లో ఉంది. అక్రా నుంచి వచ్చిన పరీక్షకుడు దాని ముందు చాలాసేపు నిలబడి, తడబడిన మెట్టు మీద వేలు ఆడించి, నవ్వుకున్నాడు. నాకు కొంచెం అసూయ కలిగింది, అబద్ధమెందుకు.

తరవాత నా దాని ముందుకొచ్చాడు. నడిమి పట్టీని దగ్గరగా వెళ్ళి చూశాడు, దూరంగా వచ్చి చూశాడు. తల పక్కకి వంచాడు.

"ఇంత చోటు కావాలని వదిలావా?"

"లేదు సార్. యంత్రం వదిలింది," అన్నాను. "నేను ఉంచుకున్నాను."

ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ మా ఆయన, ఏం రాశాడో కనిపిస్తుందేమోనని మెడ సాచి చూస్తున్నాడు.